యూబరి: బొగ్గు మీద లేచిన కొండ పట్టణం

2019 మే నెలలో జపాన్‌లోని సపోరో నగరంలో రెండు ఖర్బూజా పండ్లను వేలం వేశారు. ఆ జత 50 లక్షల యెన్లు పలికింది. పండు రుచి కోసమే ఎవరూ అంత డబ్బు పెట్టరు లెండి! ఏటా జరిగే తొలి వేలంలో గెలిచిన వ్యాపారికి పత్రికల్లో పేరొస్తుంది, అదీ సంగతి. విచిత్రమేమంటే, ఆ పండ్లను పండించిన యూబరి పట్టణం 2007లో దివాలా తీసింది. ఇంకా అప్పు తీరుస్తూనే ఉంది. ఎందుకలా జరిగిందో తెలుసుకోవాలంటే అక్కడి కొండల అడుగుకు వెళ్ళాలి.

అట్లాసులో జపాన్ ఉత్తర కొసన హొక్కైడో దీవి కనిపిస్తుంది. సపోరోకు తూర్పుగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది యూబరి. పట్టణ విస్తీర్ణం 763 చదరపు కిలోమీటర్లు. చాలా పెద్దదే అనుకుంటారు. కాని అందులో అత్యధిక భాగం అడవులు, కొండలే. మనుషులు ఉండేది యూబరి నది, దాని ఉపనదులు కోసిన ఇరుకు లోయల్లోనే.

ఈ కొండల కింది బొగ్గు ఇయోసీన్ యుగానిది. దాని వయసు సుమారు 4 కోట్ల సంవత్సరాలు. మన సింగరేణి బొగ్గు పెర్మియన్ యుగానిది, అంటే 25 కోట్ల ఏళ్ళు పైబడినది. దాని ముందు యూబరి బొగ్గు పసిబిడ్డ. అయినా నాణ్యతలో తక్కువేమీ కాదు. భూమిలో లోతుగా కూరుకుపోయి, వేడికీ ఒత్తిడికీ లోనై, ఉక్కు పరిశ్రమకు కావలసిన కోక్ తయారీకి పనికొచ్చే బొగ్గుగా మారింది. అయితే అదే వేడి, అదే ఒత్తిడి బొగ్గులో మీథేన్ వాయువును కూడా పుట్టించాయి. పైగా భూఫలకాల కదలికల వల్ల పొరలు మడతలు పడి, విరిగి, ఏటవాలుగా లోతుకు దిగిపోయాయి. మంచి బొగ్గూ, ప్రమాదమూ ఒకే కారణం నుంచి వచ్చాయన్నమాట.

1870లో పంజాబ్ చమురు ప్రాంతాలను సర్వే చేసిన అమెరికా భూవిజ్ఞాని బెంజమిన్ స్మిత్ లైమన్, ఆ తర్వాత హొక్కైడోకు వెళ్ళాడు. 1874లో ఆయన బృందం యూబరి నది ఎగువన బొగ్గు ఉండవచ్చని గుర్తించింది. ఆయన బృందంలో పనిచేసిన బాన్ ఇచితారో 1888లో 24 అడుగుల మందం గల బొగ్గు పొర నేలపైకి తేలి ఉండటం కనుగొన్నాడు. మరో రెండేళ్ళకు గని తెరిచారు.

గని ఎక్కడ తెరిస్తే అక్కడ ఒక కాలనీ వెలిసింది. ఇళ్ళు, ఆసుపత్రి, నీటి సరఫరా అన్నీ కంపెనీ చూసుకునేది. అలా పట్టణం గుండ్రంగా పెరగకుండా, లోయల వెంట దారానికి గుచ్చిన పూసల్లా సాగింది. దీన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది. 1960 నాటికి జనాభా సుమారు 1,17,000కు చేరింది. అదే శిఖరం.

తర్వాత చమురు వచ్చింది. విదేశీ బొగ్గు కూడా చౌకగా దొరకసాగింది. యూబరి గనులేమో ఏటికేడు లోతుకు పోతున్నాయి. 1981 అక్టోబరు 16న కొత్త గనిలో ఒక్కసారిగా వాయువు ఎగజిమ్మి మంటలు చెలరేగాయి. ఇంకా బయటపడని కార్మికులు లోపల ఉండగానే, మంటలార్పడానికి గనిని నీటితో నింపారు. మొత్తం 93 మంది చనిపోయారు. 1985లో మరో గని పేలుడులో 62 మంది పోయారు. 1990లో చివరి గని మూతపడింది.

కంపెనీలు వెళ్ళిపోతూ వదిలేసిన ఇళ్ళు, ఆసుపత్రి, నీటి వ్యవస్థ పురపాలక సంఘం నెత్తిన పడ్డాయి. "బొగ్గు నుంచి పర్యాటకానికి" అంటూ అది వినోద పార్కు కట్టింది, హోటళ్ళు నడిపింది, చలనచిత్రోత్సవం ప్రారంభించింది. జనం ఆశించినంతగా రాలేదు. ఒక ఖాతా లోటును మరో ఖాతా నుంచి తెచ్చిన స్వల్పకాలిక అప్పుతో పూడుస్తూ, ఏళ్ళ తరబడి లెక్కలు బాగున్నట్టు చూపించారు. అది 2006లో బయటపడింది. తీర్చవలసిన లోటు సుమారు 3,530 కోట్ల యెన్లు, జనాభా సుమారు 13,000. తలకు 27 లక్షల యెన్లు! నా ఉద్దేశంలో గనులు మూతపడటం కన్నా ఈ దాపరికమే ఎక్కువ చేటు చేసింది.

ఇక పొదుపు మొదలైంది. 171 పడకల ఆసుపత్రి 19 పడకల క్లినిక్ అయింది. ప్రాథమిక పాఠశాలలన్నీ కలిసి ఒక్కటయ్యాయి. ఇప్పుడు ఆ పూసల దండను గుర్తు తెచ్చుకోండి. జనాభా సగమైనంత మాత్రాన నీటి గొట్టాల పొడవు సగం కాదు. లోయ చివర పది ఇళ్ళే మిగిలినా, అక్కడిదాకా రోడ్డు మీద మంచు తొలగించాల్సిందే. అందుకే చెదిరిన కుటుంబాలను మధ్యలో ఉన్న షిమిజుసావా ప్రాంతానికి చేర్చే పని చేపట్టారు. 2019 మార్చి 31తో యూబరి శాఖా రైలు మార్గం ఆగిపోయింది.

మరి ఖర్బూజా? జనాభా శిఖరాన ఉన్న 1960లోనే రైతులు సంఘంగా ఏర్పడి, రెండు రకాలను సంకరించి 'యూబరి కింగ్'ను తయారుచేశారు. నీరు నిలవని అగ్నిపర్వత బూడిద నేల, పగటికీ రాత్రికీ మధ్య బాగా తేడా ఉండే ఉష్ణోగ్రత దానికి కలిసొచ్చాయి. రాత్రి చల్లగా ఉంటే మొక్క శ్వాసక్రియలో ఖర్చుచేసే చక్కెర తగ్గి, పండులో మిగిలేది పెరుగుతుంది. ఇది సంకర విత్తనం కాబట్టి, కొన్న పండులోని గింజలు నాటితే అదే పండు రాదు. 2015లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది.

కాని లక్షమందిని పోషించిన గనుల స్థానాన్ని పండ్ల తోటలు భర్తీ చేయలేవు. 2020 జనగణనలో యూబరి జనాభా 7,334. మిగిలిన అప్పును 2027 మార్చి నాటికి తీర్చాలన్నది ప్రణాళిక.