అన్నా, నాలాంటోళ్లు ఎవరైనా పైకొచ్చినారా?

మైదుకూరు నుంచి మాట్లాడుతున్నా. పోయిన వారం ఒక పిల్లోడు మెసేజ్ పెట్టినాడు: "అన్నా, నాలాంటోళ్లు ఎవరైనా పైకొచ్చినారా?" నేను జవాబు రాసేలోపే డిలీట్ చేసేసినాడు. తమ్ముడూ, నీ పేరు చెప్పను. ఈ ఎపిసోడ్ నీకోసమే.

ముందు రెండు మాటలు విడదీసుకుందాం. నేను ఆడా, మగా, ఈ రెండిట్లో ఇమడనా అని మనిషికి లోపల తెలిసేది జెండర్ గుర్తింపు. మనసు ఎవరి మీదికి పోతుందనేది లైంగిక ఆకర్షణ. ఇవి రెండూ వేరు వేరు.

మన నాలుగు రోడ్ల కాడ అంగళ్ల ముందు చప్పట్లు కొట్టేవాళ్లను చూసి, ట్రాన్స్‌జెండర్లంటే ఇంతే అనుకుంటాం. నేనూ అట్లే అనుకున్నా. అయితే 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్ మహిళలు హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రిలో డాక్టర్లుగా చేరినారు. తెలంగాణ ప్రభుత్వ కొలువులో అట్లా చేరిన మొదటి డాక్టర్లు వాళ్లే. అంతకుముందు, తన గుర్తింపు బయటపడినాక ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉద్యోగం పోయిందని ప్రాచి చెప్పినారు. ఎంబీబీఎస్ చదివినోళ్లకే తలుపులు మూస్తే, చదువు మధ్యలో ఆగిపోయినోళ్లు యాడికి పోవాల?

నిజాం కాలంలో, 1919లో ఒక చట్టం తెచ్చినారు. హిజ్రాల పేర్లు రిజిస్టర్లో రాసుకోవచ్చు, ఆడబట్టల్లో బయట కనపడితే వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. దానిమీద వైజయంతి వసంత మొగ్లి కోర్టుకెక్కినారు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. నూరేళ్లు దాటిన చట్టం అది!

మనకు పక్కనే ఉండే బళ్లారి జిల్లా మనిషి మంజమ్మ జోగతి. ఒకప్పుడు అడుక్కొని బతికినారు. జోగతి నృత్యం నేర్చి, కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలైనారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది ప్రియాంక సింగ్‌ను బిగ్‌బాస్ తెలుగులో మనమంతా చూసినాం.

ఇంక ఆకర్షణ సంగతి. ద్యుతీ చంద్‌ది ఒడిశా, శిక్షణ హైదరాబాద్‌లో. 2018 ఏషియన్ గేమ్స్‌లో రెండు వెండి పతకాలు తెచ్చింది. 2019లో, తాను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని దాచకుండా చెప్పింది. ఆమె ట్రాన్స్ కాదు. అమ్మాయిని ఇష్టపడే అమ్మాయి. తేడా అర్థమైందా?

చట్టం ఏమంటోంది? నీ జెండర్ ఏదో చెప్పుకునే హక్కు నీదేనని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న తీర్పిచ్చింది. పెళ్లికి మాత్రం 2023లో ఒప్పుకోలేదు. ఆ కేసు వేసిన మొదటి జంట హైదరాబాద్‌వాళ్లే.

ఒక్క మాట ఫ్రెండ్స్. నేను చెప్పిన వీళ్లంతా తమ సంగతి తమ నోటితోనే బయటకు చెప్పినోళ్లు. మీ క్లాస్‌లో ఎవరిమీదైనా అనుమానం వస్తే గ్రూపులో పెట్టి నవ్వద్దండి. ఆ సంగతి ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో వాళ్ల ఇష్టం.

తమ్ముడూ, పైకొచ్చినోళ్లు ఉండారు. ఇంట్లో ఇప్పుడే చెప్పాలని తొందరేం లేదు, ముందు చదువు వదలొద్దు. మాట్లాడాలనిపిస్తే మళ్లీ మెసేజ్ పెట్టు. ఈసారి డిలీట్ చేయాల్సిన పని లేదు.