అవయవ మార్పిడి తర్వాత ఊపిరి వ్యాయామాలు.. ఆ మూడు బంతుల పరికరాన్ని అటకెక్కించొద్దు!

కిడ్నీ, లివర్, గుండె.. ఏది మార్చినా మందుల టైం మాత్రం ఎవరూ మర్చిపోరు. కానీ ఆస్పత్రిలో చేతికిచ్చిన మూడు బంతుల స్పైరోమీటర్ ఇంటికి రాగానే అటకెక్కేస్తుంది. పంజాగుట్ట నిమ్స్‌లోనో, ఉస్మానియాలోనో సర్జరీ చేయించుకుని మల్కాజ్‌గిరిలో ఇంటిపట్టున కోలుకుంటున్న వారైనా సరే.. ఈ పొరపాటు చేయకూడదు.

ఎందుకంత ముఖ్యం?

కుట్ల దగ్గర నొప్పి వల్ల పేషెంట్ పైపైనే ఊపిరి తీసుకుంటారు. దీంతో ఊపిరితిత్తుల అడుగున ఉండే గాలి తిత్తులు ముడుచుకుపోతాయి. కఫం పేరుకుంటుంది. పైగా కొత్త అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా వాడే టాక్రోలిమస్ లాంటి మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. అలాంటప్పుడు ఆ కఫమే న్యుమోనియాకు దారితీయొచ్చు.

ఎలా చేయాలి?

* నిటారుగా కూర్చుని, పైపును పెదాలతో గట్టిగా పట్టి నెమ్మదిగా గాలి లోపలికి పీల్చాలి. చాలామంది ఊదేస్తుంటారు.. అది తప్పు. బంతులు లేచాక 3 నుంచి 5 సెకన్లు ఆపి, మెల్లగా వదలాలి. మెలకువగా ఉన్నంతసేపు గంటకు 10 సార్లు చేయమని సాధారణంగా చెబుతారు. తల తిరిగితే వెంటనే ఆపేయాలి.
* దగ్గేటప్పుడు కుట్ల మీద దిండు అదిమి పట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. నొప్పికి భయపడి దగ్గు ఆపుకోవద్దు.
* పైపును సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఇంకొకరితో పంచుకోవద్దు.

నిద్ర పట్టకపోతే..

స్టెరాయిడ్ల వల్ల కొందరికి నిద్ర పట్టదు, ఆందోళన పెరుగుతుంది. పడుకునే ముందు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, చెయ్యి పైకి లేచేలా ముక్కుతో గాలి పీల్చి, నోటితో నిదానంగా వదలాలి. పాదాల నుంచి భుజాల దాకా ఒక్కో భాగాన్నీ వదులు చేస్తూ రావాలి. కుట్లున్న చోట కండరాలు బిగించొద్దు. కపాలభాతి, భస్త్రిక లాంటివి డాక్టర్ ఓకే అనేదాకా వద్దు.

గుండె మార్పిడి చేయించుకున్న వారు ఒకటి గుర్తుంచుకోవాలి. కొత్త గుండెకు నరాల కనెక్షన్ తెగిపోయి ఉంటుంది. అందుకే విశ్రాంతిగా ఉన్నా నాడి వేగంగానే కొట్టుకుంటుంది. మనసు కుదుటపడినా నాడి తగ్గలేదని కంగారు పడక్కర్లేదు. ఊపిరితిత్తులు మార్చిన వారిలో దగ్గు రావాలన్న స్పృహ తగ్గుతుంది. అందుకే వారు దగ్గు రాకపోయినా డాక్టర్ చెప్పిన ప్రకారం కావాలనే దగ్గి కఫం తీసేయాలి.

మల్కాజ్‌గిరి స్టేషన్ లాంటి రద్దీ చోట్లకు, దుమ్ము రేగే రోడ్ల మీదకు వెళ్లాల్సి వస్తే మాస్క్ తప్పనిసరి. వ్యాయామాలు ఇంట్లో గాలి ఆడే గదిలోనే మేలు.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, ఆయాసం వచ్చినా, కఫం రంగు మారినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కు ఫోన్ చేయాలి. ఊపిరి వ్యాయామం మందులకు తోడే కానీ, వాటికి బదులు కాదు.