పీకేస్తే పీడ పోతుందా?

పన్ను సలపడం మొదలైతే ఇంటింటా సలహాలే. ఓర్చుకోమని కొందరు, పీకించుకోమని కొందరు. నిలబెట్టుకోగల పళ్ళు చాలావరకు ఈ రెండు మాటల మధ్యే పోతున్నాయి.

అపోహ: పన్ను పుచ్చేది పురుగు వల్ల. గింజల పొగ పడితే రాలిపోతుంది.
వాస్తవం: పంట్లో పురుగు ఉండదు. పాచిలోని బాక్టీరియా మనం తిన్న తీపిని ఆమ్లంగా మారుస్తుంది. ఎనామిల్‌ను కరిగించేది ఆ ఆమ్లమే. దంతవైద్యుడు డబ్ల్యూ.డి. మిల్లర్ 1890లోనే ఈ సంగతి వివరించాడు. ఒకప్పుడు యూరప్‌లోనూ ఖురాసానీ వాము గింజల పొగ పట్టేవారు. వేడికి చిట్లిన గింజల్లోంచి బయటపడ్డ మొలకలనే పురుగులని చూపించేవారు.

అపోహ: నొప్పి తగ్గిందంటే పన్ను బాగుపడినట్టే.
వాస్తవం: రోజుల తరబడి సలిపిన పన్ను ఉన్నట్టుండి ఊరుకుందంటే, చాలాసార్లు లోపలి నరం చచ్చిపోయిందని అర్థం. క్రిములు మాత్రం వేరు కొస దాకా దిగి ఎముకలో చీము పట్టిస్తాయి. లవంగ నూనె ఆ పూట గట్టెక్కిస్తుంది, అంతే. రక్తం పారని చచ్చిన నరంలోకి యాంటీబయాటిక్ కూడా చేరదు.

అపోహ: రూట్ కెనాల్ చేసిన పంట్లో మిగిలిన విషం ఒంటికెక్కుతుంది.
వాస్తవం: ఇది నూరేళ్ళ నాటి మాట. నోట్లోని చీమే ఎన్నో రోగాలకు మూలమని 1910లో లండన్ వైద్యుడు విలియం హంటర్ మాంట్రియల్‌లో ప్రసంగించాడు. 1920ల్లో దంతవైద్యుడు వెస్టన్ ప్రైస్ ఆ నిందను రూట్ కెనాల్ పళ్ళ మీదికి తోశాడు. లెక్కలేనన్ని పళ్ళు పీకేశారు. 1938లో వైద్యులు సెసిల్, ఆంజివైన్ 200 కీళ్ళవాతం కేసులు పరిశీలిస్తే, పళ్ళు పీకినందువల్ల జబ్బు తగ్గిన దాఖలా లేదు. 1965లో అసలు క్రిములే లేకుండా పెంచిన ఎలుకల పళ్ళకు నరం బయటపడేలా రంధ్రం చేశారు. నరం చావలేదు సరికదా, దానిపై కొత్త డెంటిన్ కట్టింది. మామూలు ఎలుకల్లో చీము పట్టింది. దోషం క్రిమిది. రూట్ కెనాల్ ఆ క్రిములను కడిగి, మళ్ళీ చొరబడకుండా దారి మూస్తుంది.

అపోహ: అంత ఖర్చు పెట్టినా ఆ పన్ను నిలవదు.
వాస్తవం: అమెరికాలో 14 లక్షలకు పైగా రూట్ కెనాల్ పళ్ళపై 2004లో వెలువడిన అధ్యయనంలో, ఎనిమిదేళ్ళ తర్వాత 97 శాతం నోట్లోనే ఉన్నాయి. పీకాల్సి వచ్చినవాటిలో 85 శాతానికి పూర్తి క్యాప్ లేదు. నొప్పి పోయింది కదా అని క్యాప్ మానేస్తేనే ముప్పు.

అపోహ: వెండి ఫిల్లింగ్ పిల్లల తెలివిని దెబ్బతీస్తుంది.
వాస్తవం: అందులో దాదాపు సగం పాదరసమన్నది నిజం. అయితే అమెరికా, పోర్చుగల్ పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి 2006లో ప్రచురించిన రెండు అధ్యయనాల్లో, తెల్ల ఫిల్లింగ్ పిల్లలతో పోలిస్తే తెలివితేటల్లో తేడా కనిపించలేదు. యూరోపియన్ యూనియన్ 2025 నుంచి వెండి ఫిల్లింగ్‌ను దాదాపు ఆపేసింది. అందుకు ముఖ్య కారణం పర్యావరణం. గట్టిగా ఉన్న పాత ఫిల్లింగ్‌ను భయంతో తవ్వించుకోనక్కర్లేదు.

అపోహ: పై పన్ను పీకితే చూపు మందగిస్తుంది.
వాస్తవం: చూపు నరం వేరు, పంటి నరం వేరు. రెంటికీ ముడి లేదు.

చల్లనీళ్ళకు పన్ను జివ్వుమన్నప్పుడే డాక్టరుకు చూపిస్తే చాలాసార్లు ఫిల్లింగ్‌తో సరిపోతుంది. నరం దాకా పోనిస్తే రూట్ కెనాల్, క్యాప్ రెండూ కావాలి. ఇంకా ఆగితే డాక్టరు చేతిలో మిగిలేది పీకడమే.