చీము పట్టని పుండు

కొబ్బరితోటలో నడుస్తుంటే కాలిలో ముల్లు దిగిందనుకోండి. మర్నాటికి ఆ చోటు ఎర్రబడి, వాచి, చీము పడుతుంది. చీమంటే మనకు రోత. కాని అందులో ఉండేవి చాలావరకు సూక్ష్మజీవులతో పోరాడి చనిపోయిన తెల్ల రక్తకణాలే. పుండు పడినా చీము పట్టని పిల్లలు అరుదుగా ఉంటారు. అది అదృష్టం కాదు, ప్రాణాపాయం!

తెల్లకణం రక్తంలో వేగంగా కొట్టుకుపోతూ ఉంటుంది. ముల్లు దిగిన చోట అది ఆగాలి, రక్తనాళపు గోడ దాటి బయటికి రావాలి. ఎలా ఆగుతుంది? వంతెన లేని రోజుల్లో ఎదుర్లంక నుంచి యానాంకు పంటు మీద గౌతమి దాటిన పెద్దవాళ్ళను అడగండి. ఏటి ఉరవడిలో పంటు ఒక్కసారిగా ఆగదు. ముందు తాడు విసిరి వేగం తగ్గిస్తారు, తరువాత గుంజకు బిగించి కడతారు.

రక్తనాళంలోనూ ఇదే వరస. గాయం దగ్గర నాళపు గోడ మీదికి 'సెలెక్టిన్' అనే మాంసకృత్తులు వస్తాయి. వాటికి తగులుకుంటూ తెల్లకణం గోడ వెంట మెల్లగా దొర్లుతుంది. ఆపైన కణం మీది 'ఇంటెగ్రిన్' గోడ మీది 'ఐకామ్-1'ను గట్టిగా పట్టుకుంటుంది. వీటిని ఆసంజన అణువులంటారు. (నీటికీ గాజుకూ మధ్య ఆసంజనం గురించి చదివారు కదా, ఆ మాటే ఇది.)

ఈ ఇంటెగ్రిన్‌లో ఒక భాగాన్ని తయారుచేయించే జన్యువు 21వ క్రోమోజోమ్ మీద ఉంది. తల్లి నుంచి వచ్చిన ప్రతి, తండ్రి నుంచి వచ్చిన ప్రతి, రెండూ చెడితే తెల్లకణాలకు పట్టు దొరకదు. రక్తపరీక్షలో అవి లెక్కకు మించి కనిపిస్తాయి, పుండు దగ్గర మాత్రం దాదాపు ఉండవు! ఒకటి రెండు వారాల్లో రాలవలసిన బొడ్డు నెల దాటినా రాలకపోవడం దీనికి తొలి గుర్తు కావచ్చు. బొడ్డుకూ తెల్లకణాల కదలికకూ ఉన్న ఈ సంబంధాన్ని వైద్యులు 1979లో ప్రకటించారు.

ఒక్క ప్రతే చెడినవారికి ఏ జబ్బూ ఉండదు, కనుక సంగతి వారికే తెలియదు. మేనరికంలో భార్యాభర్తలిద్దరికీ ఒకే పూర్వీకుడి నుంచి ఆ చెడిన ప్రతి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. అలా ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మన వైపు మేనరికాలు కొత్త కాదు కనుక ఇది చెప్పక తప్పదు.

ఇక చిన్న తేడాలు. ఐకామ్-1 గొలుసులో 469వ స్థానంలో కొందరికి లైసిన్, కొందరికి గ్లుటామిక్ ఆమ్లం ఉంటుంది. రెండు రకాలూ ఆరోగ్యవంతుల్లో ఉన్నవే. పేగులు, కీళ్ళు అదేపనిగా వాచే జబ్బులకు ఈ తేడా తోడవుతుందా అని వెతికితే, కొన్ని పరిశోధనల్లో సంబంధం కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు. దీన్ని చూసి ఎవరి జాతకమూ చెప్పలేం.

పట్టు మరీ ఎక్కువైనా చిక్కే. శత్రువు లేని చోట తెల్లకణాలు దిగి సొంత కణజాలాన్నే పాడుచేస్తాయి. ఒక రకం ఇంటెగ్రిన్ పట్టును అడ్డుకునే నటాలిజుమాబ్ అనే మందును, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీవ్యాధికి 2004లో అమెరికాలో అనుమతించారు. కొద్దిమందికి మెదడులో ప్రమాదకరమైన వైరస్ వ్యాధి రావడంతో 2005లో ఆపి, గట్టి నిఘా పెట్టి 2006లో మళ్ళీ ఇచ్చారు. కాపలా కణాలు మెదడులోకి దిగలేకపోయాయి మరి!