సేనలలో వైద్య సహాయక వృత్తి: ఏ దళమును ఎన్నుకొనవలెను?

పదవ తరగతి ముగిసిన పిమ్మట పిల్లవానిని ఏ చదువులో చేర్పింపవలెనను ఆలోచన ప్రతి యింటను కలుగునదే. రోగులకు సేవ చేయవలెనను కోరికయు, సైన్యములో చేరవలెనను ఉత్సాహమును గల పిల్లలు మనలో కొందరున్నారు. వైద్య కళాశాలలో స్థానము దొరకనిచో ఆ రెండును నెరవేరవని పలువురు తల్లిదండ్రులు తలంచుచున్నారు. అది సరికాదు. అయితే మార్గమును ముందుగా తెలిసికొనవలెను.

మొదట ఒక భ్రమను తొలగించుకొనుట మేలు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయమువారు 1965లో నౌకాదళమున వైద్యసేవ చేసి వచ్చినవారిని చేర్చుకొని, ఫిజిషియన్ అసిస్టెంటు అను నూతన వృత్తికి శిక్షణ ప్రారంభించిరి. నేడు ఆ దేశపు సేనలలో వారు అధికారుల హోదాతో పనిచేయుచున్నారు. మన దేశమున ఆ చదువు 1992లో చెన్నైలో ఆరంభమైనది. కాని మన సేనలలో ఆ పేరుతో ప్రత్యేకమైన అధికారి శాఖ లేదు. ఆ పట్టము చేతికి వచ్చినంతనే సైన్యములో అధికారి కావచ్చునని ఎవరైన చెప్పినచో, ఆ మాట నమ్మి రుసుము చెల్లింపరాదు.

మన సేనలలో వైద్యునికి కుడిభుజమువలె నిలుచువారు సహాయకులు. భూసేనలో వారిని నర్సింగ్ అసిస్టెంటులనియు, నౌకా, వాయుసేనలలో మెడికల్ అసిస్టెంటులనియు అందురు. వీరు అధికారులు కారు; క్రింది హోదాలో చేరి క్రమముగా పైకి వచ్చువారు. ఒక సేనలో చేరిన పిదప మరియొక దానికి మారుట సులభము కాదు. కావుననే ఎన్నిక ముందుగా జరుగవలెను.

భూసేనలో చేరినవారు సైనిక వైద్యదళమునకు చెందుదురు. ఆ దళపు శిక్షణ కేంద్రము లక్నోలో కలదు. సైనిక ఆసుపత్రులలోనే కాక, పటాలముల వెంట సరిహద్దులకును, మంచు కొండలకును పోవలసియుండును. గాయపడినవానికి తొలి చికిత్స చేయుట, రక్తస్రావమును ఆపుట, వెనుకనున్న ఆసుపత్రికి చేర్చుట వీరి విధులు. కొరియా యుద్ధకాలమున లెఫ్టినెంట్ కర్నల్ ఎ. జి. రంగరాజ్ నాయకత్వమున 1950లో వెళ్లిన మన 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్సు దళములోని కొందరు, 1951 మార్చిలో అమెరికా సైనికులతో పాటు పారాచూట్లతో దిగి క్షతగాత్రులకు సేవ చేసిరి. వైద్యసేవ యనగా నీడపట్టున చేయు ఉద్యోగమని తలంపరాదని దీనివలన తెలియును.

నౌకాదళమున పని వేరు. ముంబయిలోని అశ్విని, విశాఖపట్టణములోని కళ్యాణి వంటి పెద్ద ఆసుపత్రులున్నను, వైద్యాధికారి లేని చిన్న ఓడలలో సహాయకుడే రోగికి దిక్కు. నడిసముద్రమున ఎవరికైన కడుపునొప్పి వచ్చినచో, అది సామాన్యమైనదో ప్రాణాపాయకరమైనదో గుర్తించి తీరమునకు వర్తమానము పంపవలెను. ఒంటరిగా నిర్ణయించు ధైర్యము గలవానికి ఈ దళము తగును.

వాయుసేనలో వైద్యసేవ స్థావరములను ఆశ్రయించి యుండును. విమాన చోదకుల ఆరోగ్య పరీక్షకు తోడ్పడుట, ప్రమాదముల నెదుర్కొనుటకు సన్నద్ధముగా నుండుట, రోగులను విమానములలో తరలించునపుడు కనిపెట్టుకొనియుండుట ఇందలి ముఖ్య విధులు. క్రమబద్ధమైన, జాగరూకతతో కూడిన పనిని ఇష్టపడువారికి ఇది అనుకూలము.

మూడింటికిని ప్లస్ టూ స్థాయిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రములును ఇంగ్లీషును చదివియుండవలెను. పదునొకండవ తరగతిలో జీవశాస్త్రమును విడిచినవానికి ఈ ద్వారము మూతపడును. వాయుసేనవారు మొత్తము మార్కులలోనే కాక, ఇంగ్లీషులో ప్రత్యేకముగా నూటికి 50 మార్కులను కోరుచున్నారు. మాతృభాషలో చదువు మొదలిడిన మన పిల్లలు తెలుగును విడువనక్కరలేదు. ఇంగ్లీషును నిర్లక్ష్యము చేయకున్న చాలును.

బాలికలకు సైనిక నర్సింగ్ సేవ కలదు. పూనాలోని సాయుధ దళముల వైద్య కళాశాల మొదలగు చోట్ల నాలుగేండ్ల బి.ఎస్సీ. నర్సింగ్ చదివి ఉత్తీర్ణులై అర్హత పొందినవారు లెఫ్టినెంట్లుగా, అనగా అధికారులుగానే చేరుదురు.

దరఖాస్తు పంపుటకు ముందు ప్రకటనను తల్లిదండ్రులు స్వయముగా చదువవలెను. వయస్సు, ఎత్తు, మార్కుల నియమములు మారుచుండును. అది దీర్ఘకాల సేవయో, 2022లో ప్రవేశపెట్టిన అగ్నిపథ పద్ధతివలె నాలుగేండ్ల సేవయో చూచుకొనవలెను. సైనిక భర్తీ సభలకు పిలుచునది నివాస ప్రాంతమును బట్టియే గాని మాతృభాషను బట్టి కాదు. కర్ణాటకములో స్థిరపడినవారు కర్ణాటకపు ప్రకటనను, ఒడిశాలోనివారు ఒడిశా ప్రకటనను, యానామువారు తమ ప్రాంతమునకు వర్తించు ప్రకటనను చూడవలెను. నివాస ధ్రువపత్రము ముందుగానే సంపాదించి యుంచుట మంచిది.

చివరగా, పిల్లవాని స్వభావమును గమనింపుడు. కష్టమునకు ఓర్చువాడా, ఒంటరితనమునకు జంకనివాడా, నియమమును ప్రేమించువాడా? ఏ యూనిఫారము అందముగా నున్నదను దానికంటె, ఏ పనిని ఇరువదియేండ్లు విసుగులేక చేయగలడను ప్రశ్నకు సమాధానమే సరియైన ఎన్నిక.