నాలుగున్నర గంటలేగా అనుకోకండి!

“సింగపూరులో ఉన్న అమ్మాయి పురుడికి రమ్మంది. హైదరాబాదు నుంచి నాలుగున్నర గంటలేనట! రైల్లో తిరుపతి వెళ్ళినంత కూడా లేదు. మాకేం భయం?” అనే పెద్దవాళ్ళు మన ఇళ్ళలో చాలామందే ఉన్నారు. మీరు భయపడవద్దు. కాని లెక్క మాత్రం సరిగా వేసుకోండి.

హైదరాబాదు, సింగపూరుల మధ్య దూరం సుమారు 3,300 కిలోమీటర్లు. విమానం గాలిలో ఉండేది నాలుగున్నర గంటలే. మరి మీరు బయలుదేరేది వరంగల్ నుంచి అనుకోండి. శంషాబాదుకు కారులో 4 గంటలు, విమానాశ్రయంలో 3 గంటలు, దిగాక అమ్మాయి ఇల్లు చేరడానికి మరో గంటన్నర. మొత్తం 13 గంటలు! అందులో ఎక్కువభాగం మీరు కాళ్ళు వేలాడేసుకుని కూర్చునే ఉంటారు.

కాళ్ళకు పని చెప్పండి

పిక్కల కండరాలు కదిలితేనే కాళ్ళలోని రక్తం చురుగ్గా పైకి వెళుతుంది. కదలకుండా కూర్చుంటే అది మందగించి, లోపలి సిరల్లో గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. విమానమైనా, బస్సయినా, రైలయినా, కారయినా 4 గంటలు, అంతకుమించి కదలకుండా కూర్చుంటే ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. అయినా 6,000 మందిలో సుమారు ఒకరికే ఇలా జరుగుతుంది. కనుక కంగారు అక్కరలేదు, జాగ్రత్త చాలు.

గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. కూర్చున్నచోటే మడమలు, మునివేళ్ళు మార్చి మార్చి పైకెత్తండి. కారును దారిలో ఒకసారైనా ఆపించండి. బాత్‌రూముకు లేవాల్సివస్తుందని మంచినీళ్ళు మానేయకండి. నడవా పక్క సీటు అడిగి తీసుకోండి.

ఇదివరకు కాలిలో రక్తం గడ్డకట్టినవారు, ఇటీవల ఆపరేషను అయినవారు, క్యాన్సరుకు చికిత్స పొందుతున్నవారు, గర్భిణులు, బాలింతలు ముందుగా డాక్టరును సంప్రదించాలి. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మింగకండి.

గడియారంతో తికమక

సింగపూరు సమయం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి 11కు ఇక్కడ ఎక్కితే, దిగేసరికి అక్కడ ఉదయం 6. మన గడియారంలో మాత్రం తెల్లవారుజామున మూడున్నరే! తిరుగు ప్రయాణంలో అక్కడ రాత్రి 8కి ఎక్కితే ఇక్కడ 10కే దిగినట్టుంటుంది.

ఇన్సులిన్ వాడేవారికి ఇది ముఖ్యం. అక్కడ ఉదయం 7 అయిందని సూది వేసుకుంటే, మన లెక్కలో నాలుగున్నరకే వేసుకున్నట్టు. కాబట్టి ప్రయాణం రోజున ఏ మందు ఎన్ని గంటలకో డాక్టరుచేత కాగితంమీద రాయించుకోండి. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్‌ను భోజనం ఎదుటికి వచ్చాకే వేసుకోండి. మందులు, చీటీ చేతిసంచిలోనే ఉండాలి. సామాన్ల పెట్టెలో వేస్తే ఇన్సులిన్ గడ్డకట్టి పాడైపోవచ్చు.

ఇల్లు చేరాక కూడా...

ప్రయాణమైన కొన్ని వారాల వరకు ఒక కాలి పిక్క వాచినా, నొప్పిపుట్టినా, వేడిగా ఉన్నా నూనె రాసి మర్దనా చేయకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి పుట్టినా, దగ్గితే రక్తం పడినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళండి. దూరప్రయాణం చేసి వచ్చిన సంగతి డాక్టరుతో మొదటే చెప్పండి. ఆ ఒక్కమాటతో ఆయనకు సగం జబ్బు తెలుస్తుంది.