భద్రాచలంలో జ్వరమొస్తే ఏ కార్డు పనికొస్తుంది? ప్రభుత్వ వైద్యమా, ప్రైవేటు బీమానా?

వానాకాలంలో భద్రాచలం ఏరియా ఆసుపత్రి ఓపీ వరుసలో ఉన్నవాళ్లను ఏ ఊరని అడిగితే నాలుగు రాష్ట్రాల పేర్లు వినిపిస్తాయి. చర్ల, దుమ్ముగూడెం వాళ్లది తెలంగాణ. ఎటపాక, కూనవరం, చింతూరు వాళ్లది ఆంధ్రప్రదేశ్. కుంట వైపు నుంచి వచ్చినవాళ్లది ఛత్తీస్‌గఢ్, మల్కన్‌గిరి నుంచి వచ్చినవాళ్లది ఒడిశా. చాలాసార్లు వచ్చిన కష్టం ఒకటే, జ్వరం. జేబులో ఉన్న కార్డులే వేరు. కొందరికి ఏ కార్డూ ఉండదు.

వైద్యం ప్రభుత్వమే అందరికీ అందించాలా, లేక ఎవరి బీమా వాళ్లు కొనుక్కోవాలా? ఈ చర్చ మనకు కొత్త కాదు. కానీ హైదరాబాద్‌లో ఉండి ఆలోచిస్తే ఒకలా, గోదావరి ఒడ్డున నిలబడి చూస్తే ఇంకోలా కనిపిస్తుంది.

40 కిలోమీటర్లలో అన్ని రకాలూ

కొత్తగూడెం నుంచి భద్రాచలం సుమారు 40 కిలోమీటర్లు. దేశంలో ఉన్న వైద్య ఏర్పాట్లన్నీ ఈ దారిలోనే కనిపిస్తాయి.

కొత్తగూడెంలో సింగరేణి కార్మికుడికి కంపెనీ సొంత ఆసుపత్రి ఉంది. పెద్ద జబ్బయితే కంపెనీయే రెఫర్ చేస్తుంది. ఈఎస్ఐ అమలయ్యే పరిశ్రమలో నెల జీతం 21 వేల రూపాయల లోపు ఉన్న కార్మికుడి వేతనంలో 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం కడతారు. ఆ డబ్బుతో కుటుంబం మొత్తానికీ వైద్యం. రేషన్ కార్డున్న రైతు కూలీకి ఆరోగ్యశ్రీ. బ్యాంకు ఉద్యోగికో, వ్యాపారికో ప్రైవేటు పాలసీ. వీటిలో ఏదీ లేనివాళ్లకు మిగిలేది సర్కారు దవాఖానా.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు పడతారు. ఆరోగ్యశ్రీని, ప్రభుత్వ ఆసుపత్రిని ఒకే గాటన కట్టేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు జీతం, మందులు, బెడ్డు అన్నీ పన్నుల డబ్బుతో ముందే సమకూరుస్తారు. ఆరోగ్యశ్రీలో రోగి ఆసుపత్రిలో చేరాక, ఆ చికిత్సకు నిర్ణయించిన ప్యాకేజీ రేటును ప్రభుత్వం ఆసుపత్రికి చెల్లిస్తుంది. ఆ ఆసుపత్రి ప్రైవేటుదీ కావచ్చు, ప్రభుత్వానిదీ కావచ్చు. ప్రైవేటు బీమాలోనూ ఇంచుమించు ఇదే పద్ధతి, ప్రీమియం మాత్రం మీరు కడతారు.

ఆరోగ్యశ్రీ ఎలా మారుతూ వచ్చింది?

2007 ఏప్రిల్ 1న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. మొదట్లో అది అచ్చమైన బీమా పథకం. ప్రభుత్వం స్టార్ హెల్త్ కంపెనీకి ప్రీమియం కట్టేది, క్లెయిములు కంపెనీ చూసుకునేది. 2008లో ఆరోగ్యశ్రీ-2 వచ్చాక, ఆ చికిత్సల బిల్లులను ట్రస్టే నేరుగా చెల్లించడం మొదలుపెట్టింది. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు. తెలంగాణలో ఆ పరిమితి 2023 డిసెంబరు 9 నుంచి 10 లక్షలైంది.

గుండె ఆపరేషన్ అంటే ఎకరం అమ్ముకోవడమే అనుకునే రోజుల్లో ఆ పథకం ఎన్నో కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. ఈ మాట దాన్ని విమర్శించేవాళ్లు కూడా ఒప్పుకుంటారు. విమర్శ వేరే చోట ఉంది. డబ్బు రోగి వెంట వెళ్తుంది. రోగి పెద్దాసుపత్రి ఉన్న చోటికి వెళ్తాడు. ఆ ఆసుపత్రులు ఎక్కువగా హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉన్నాయి. భద్రాచలం నుంచి హైదరాబాద్‌కు 300 కిలోమీటర్ల పైమాటే. రోగి తోడుగా వెళ్లినవాళ్ల కూలి పోవడం, తిండి ఖర్చు ఏ ప్యాకేజీలోనూ పూర్తిగా రావు.

ఇంకో చిక్కు బకాయిలు. బిల్లులు రాలేదని తెలంగాణలో నెట్‌వర్క్ ఆసుపత్రులు 2025 సెప్టెంబరులో ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. ప్రభుత్వంతో చర్చల తర్వాత మళ్లీ మొదలుపెట్టాయి. కార్డు మీద 10 లక్షలని రాసి ఉన్నా, ఆ కొద్ది రోజులు సేవలు ఆపిన ఆసుపత్రి కౌంటర్లో దానికి విలువ లేదు.

బీమా లెక్కలోకి రాని జ్వరం

ఏజెన్సీలో వానలు పడగానే వచ్చే జ్వరాల్లో భయపెట్టేది ఫాల్సిపారం మలేరియా. సూదితో గుచ్చి ఒక్క రక్తపు చుక్క తీస్తే ర్యాపిడ్ కిట్‌తో 15-20 నిమిషాల్లో తేలిపోతుంది. మూడు రోజుల మాత్రల కోర్సు ఉంది. ఆశా కార్యకర్తో, ఏఎన్ఎమ్మో ఊళ్లోనే మొదలుపెట్టేయగలరు. అయ్యే ఖర్చు చాలా తక్కువ.

నాలుగైదు రోజులు ఆలస్యమైతే అదే జ్వరం మెదడుకు పాకవచ్చు, కిడ్నీలను దెబ్బతీయవచ్చు. అప్పుడు ఐసీయూ, అవసరమైతే డయాలసిస్, వెంటిలేటర్. ఇప్పుడు బీమా రంగంలోకి దిగుతుంది. మామూలు ప్రైవేటు పాలసీలో కనీసం 24 గంటలు ఆసుపత్రిలో చేరితేనే క్లెయిము (డేకేర్ చికిత్సలు మినహాయింపు). ఓపీ ఖర్చు కావాలంటే అదనంగా కొనుక్కోవాలి. ఆరోగ్యశ్రీ కూడా ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక చేసే చికిత్సలకే.

అంటే కిట్టుకు, మాత్రలకు, ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరగడానికి బీమా డబ్బు రాదు. అవి లేక ప్రాణం మీదికి వచ్చాక అయ్యే లక్షలకు వస్తుంది. అడవి అంచున బీమా ఒక్కదానితో వైద్యం నడవదని నేననేది ఇందుకే. ఎంత మంచి కంపెనీ అయినా చేయగలిగేది అంతే, దాని పనే అది.

థాయ్‌లాండ్ 2002లో సార్వత్రిక వైద్యం తెచ్చినప్పుడు ఈ ముడిని కొంత విప్పింది. ఒక ప్రాంతంలో నమోదైన జనాభాను బట్టి, తలకింత చొప్పున స్థానిక ఆసుపత్రులకు ఓపీ, నివారణ సేవల డబ్బు ముందే ఇచ్చింది. రోగి మొదట్లో కట్టింది విజిట్‌కు 30 బాత్‌లు. జనం జబ్బు పడకుండా చూసుకుంటే ఆసుపత్రికే డబ్బు మిగులుతుంది.

మన దగ్గర జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం మొత్తం వైద్య ఖర్చులో జనం జేబు నుంచి పోయేది 2013-14లో 64.2 శాతం. 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. తగ్గడం మంచిదే. కానీ ఆ ఏడాది ప్రభుత్వాలన్నీ కలిపి ఆరోగ్యంపై పెట్టింది జీడీపీలో 1.84 శాతం. 2025 నాటికి 2.5 శాతం చేరాలన్నది 2017 జాతీయ ఆరోగ్య విధానం పెట్టుకున్న లక్ష్యం.

గోదావరి పొంగితే?

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.30 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు, చుట్టుపక్కల రోడ్లు మునిగాయి. అలాంటి రోజున పురిటి నొప్పులొచ్చిన మనిషికి ఖమ్మంలోని నెట్‌వర్క్ ఆసుపత్రి పేరు చెప్పి ఏం లాభం? నది ఇవతల బెడ్డు ఉందా, సిజేరియన్ చేసే డాక్టరు, మత్తు డాక్టరు డ్యూటీలో ఉన్నారా అన్నదే ప్రశ్న. వాళ్ల పోస్టులు నింపకుండా కార్డు పరిమితి ఎన్ని లక్షలు పెంచినా ఇక్కడ ఒరిగేది తక్కువ.

కార్డు ఏ రాష్ట్రానిది?

2014లో పోలవరం కోసం భద్రాచలం చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. ఎటపాక వాళ్లకు పక్కనే ఉన్న పెద్దాసుపత్రి వేరే రాష్ట్రానిదైంది. రాష్ట్ర పథకం కార్డు ఆ రాష్ట్ర ట్రస్టు గుర్తించిన ఆసుపత్రిలోనే చెల్లుతుంది. కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్‌లో మాత్రం ఏ రాష్ట్రంలోనైనా వాడుకునే వీలు పెట్టారు.

2005 తర్వాత సల్వాజుడుం గొడవల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల పరిస్థితి మరీ కష్టం. తెలంగాణలో వాళ్లకు ఎస్టీ గుర్తింపు లేదు. రేషన్ కార్డు లేకపోతే ఆరోగ్యశ్రీ కూడా దూరమే. జ్వరంతో వచ్చినవాడిని కార్డు అడగకుండా చూసేది ప్రభుత్వ ఓపీ ఒక్కటే.

మరి మీ పాలసీ మానేయాలా?

వద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో స్పెషలిస్టు లేనప్పుడు, నెలల తరబడి ఆగలేనప్పుడు పాలసీ అక్కరకొస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు. కాకపోతే మీరు నగరంలో ఉండి, అమ్మానాన్నలు భద్రాచలంలోనో, పాల్వంచలోనో ఉంటే పాలసీ కొనే ముందు నెట్‌వర్క్ ఆసుపత్రుల జాబితాలో వాళ్ల ఇంటికి దగ్గరున్నది ఏదో వెతకండి. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా మూడేళ్లు ఉండొచ్చు. వాటిని దాచకుండా ఫారంలో రాయండి. గది అద్దె పరిమితి రోజుకు 5 వేలని ఉంటే, 8 వేల గది తీసుకున్నప్పుడు ఒక్క అద్దే కాదు, దానికి ముడిపడిన ఇతర చార్జీల్లోనూ అదే నిష్పత్తిలో కోత పడవచ్చు. 70 ఏళ్లు దాటిన పెద్దలకు ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల ఆయుష్మాన్ కవరేజీని కేంద్రం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లూ దానికి అర్హులే.

రాష్ట్ర సరిహద్దుకు అవతల ఈ చర్చ ఇప్పుడు మరో మలుపులో ఉంది. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ కేబినెట్ కొత్త సార్వత్రిక ఆరోగ్య విధానానికి ఆమోదం తెలిపింది. దాని ప్రకారం రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ, అక్కడి నుంచి 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు చెల్లించాలి. తెలంగాణలో ట్రస్టే చెల్లిస్తోంది. ఎటపాక, భద్రాచలం మధ్య దూరం కొద్దిపాటిదే కాబట్టి, ఏ పద్ధతిలో బిల్లు త్వరగా వస్తుందో, ఏ పద్ధతిలో క్లెయిము ఎక్కువగా తిరస్కరిస్తారో ఇరుగుపొరుగు ఊళ్లలోనే పోల్చి చూడొచ్చు.